ఆకు రాలిన పొణికి

తెల్ల పొణికి ఆకు అరచేతికంటే పెద్దది. కాడ దగ్గర తమలపాకులా రెండు వైపులా గుండ్రంగా దిగి, చివర సన్నబడుతుంది. అంచు నున్నగా ఉండదు, చిన్న చిన్న పళ్ళుంటాయి. పైన పచ్చగా, అడుగున సున్నం పూసినట్టు తెల్లగా ఉంటుంది. జిల్లేడాకు అడుగున కూడా తెలుపే. కానీ ఆ తెలుపు వేలితో రుద్దితే పొడిలా ఊడి వస్తుంది. పొణికి తెలుపు ఊడదు, అది నూగు. కాడ పొడుగ్గా ఉండటం వల్ల కొద్దిపాటి గాలికే ఆకు వెనక్కి తిరిగి అడుగు చూపిస్తుంది. దూరం నుంచి కొండ మీద పొణికిని పట్టుకునేది ఆ తెలుపుతోనే.

ఇదంతా నాకు పెళ్ళయిన మూడో ఏడు తెలిసింది. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. చదవడం, రాయడం రావు. అవి యాభై దాటాక మా వీధి చివర పెట్టిన వయోజనుల బడిలో వచ్చాయి. అక్కడ పంతులమ్మ ఒకరోజు ఎవరికి తెలిసిన మాటలు వాళ్ళని రాయమంటే నేను చెట్ల పేర్లు రాశాను. పలక నిండినా పేర్లు ఇంకా మిగిలాయి. ఇన్ని చెట్లు ఎలా తెలుసని ఆవిడ అడిగింది. ఆ పూట చెప్పడానికి కుదరలేదు.

నేను పుట్టింది కాలవ కింద ఊళ్ళో. చుట్టూ వరి చేలు, గట్ల మీద తాడి చెట్లు, నల్లతుమ్మలు, ఇళ్ళ దగ్గర కొబ్బరి. అంతకుమించి చెట్టుతో పని ఉండేది కాదు. కొండపల్లిలో బొమ్మలు చేసే ఇంటికి కోడలిగా వచ్చాక మొదటిసారి కొండ దగ్గరగా చూశాను. మా ఇంటి పెరటి వెనక నుంచే అది లేచేది. బొమ్మలకు కావలసిన పొణికి కర్ర ఆ కొండ మీదే ఉండేది. చాలా తేలికైన కర్ర. దుంగని ఒక్క మనిషి భుజాన వేసుకుని దిగవచ్చు. పొయ్యిలోకి మాత్రం పనికిరాదు, కాగితంలా మండి పోతుంది.

మగవాళ్ళు చెక్కేవారు. మేము చింతగింజలు నూరి, రంపపు పొట్టు కలిపి, ఏనుగుకి తొండం, మావటికి చెయ్యి అతికించే ముద్ద చేసేవాళ్ళం. సున్నం పూత కూడా మాదే. మా ఆయన వారానికి రెండు రోజులు గంపలు కట్టుకుని రైల్లో బెజవాడ వెళ్ళి దుకాణాలకు ఇచ్చి వచ్చేవాడు.

నాలుగిళ్ళ వాళ్ళం కలిసి కర్ర తెచ్చుకునేవాళ్ళం. మా మామయ్యగారిది ఒక ఇల్లు, ఆయన తమ్ముడిది ఇంకొకటి, మిగతా రెండూ దాయాదులవి. ఏటా కార్తీకంలో, ఆకు రాలకముందు కొండెక్కేవారు. చెట్టుని ఎంచి, దాని మొదట్లో ఉలితో ఒక గాటు పెట్టే మనిషి ఒక్కరే ఉండేవారు. గాటు పెట్టడానికి ముందు ఇంకెవరి ఇనుమూ ఏ చెట్టుకీ తగలకూడదు. బెరడు గీరి చూడటం కూడా గాటు కిందే లెక్క. గాటు పడిందంటే ఆ చెట్టు కొట్టి తీరాలి. లోపల బాగున్నా, బాగుండకపోయినా నాలుగిళ్ళ వాళ్ళూ సమంగా పంచుకోవాలి. గాటు పెట్టిన మనిషిని ఎవరూ ఒక్క మాట అనకూడదు. మొదలు ముక్క మాత్రం పంపకం లేకుండా ఆయన ఇంటికే వచ్చేది. పెద్ద అంబారీ ఏనుగులు చెక్కడానికి సరిపడేది ఆ ముక్క ఒక్కటే. ఊళ్ళో పెద్ద ఏనుగులు మా ఇంట్లోనే చేస్తారని పేరు రావడానికి అదే కారణం.

గాటు పెట్టేది మా మామయ్యగారు. అంతకుముందు వాళ్ళ నాన్నగారు.

ఆయనకు కళ్ళలో పొర కమ్మిందని మా అత్తయ్య ముందుగా కనిపెట్టింది. బొమ్మలకు కళ్ళు దిద్దే పని ఉన్నట్టుండి మా ఆయనకు అప్పగించారు. అడిగితే, కుర్రాడికి చెయ్యి తిరగాలిగా అన్నారు. ఉలి పని మాత్రం మానలేదు. దానికి చూపుతో పెద్ద అవసరం లేదు, కర్ర మీద బొటనవేలు జరుపుకుంటూ చెక్కేసేవారు. బయటి వాళ్ళెవరికీ తెలియలేదు. తెలిస్తే గాటు తమ్ముడి చేతికి వెళ్ళిపోతుంది. ఆ తమ్ముడు, మా చినమామయ్య, చాలా కాలంగా దాని కోసం చూస్తున్నాడని ఇంట్లో అందరికీ తెలుసు.

ఒకరోజు మధ్యాహ్నం మామయ్యగారు పెరట్లో కూచుని నన్ను పిలిచారు. ముందు చాప మీద కొమ్మలు పోగేసి ఉన్నాయి.

"అమ్మాయ్, నువ్వు కట్టెలకి కొండెక్కుతావుగా?"

"ఎక్కుతాను మామయ్యా."

"కూచో. కళ్ళు మూసుకో. ఇదేంటో చెప్పు."

చేతిలో పెట్టింది గరుకుగా, పెద్దగా ఉంది. విస్తరాకంత ఉంది. నలిపి కళ్ళు తెరిస్తే అరచెయ్యి ఎర్రబడింది. అది టేకు అని, లేతాకు నలిపితే గోరింటాకు పెట్టుకున్నట్టవుతుందని చెప్పారు. తర్వాత మూడాకుల కొమ్మలు రెండు ఇచ్చారు. రెంటిలో మందంగా, తోలులా ఉన్నది మోదుగ, వాసన వేసేది మారేడు. ముషిణి ఆకు మీద మొదటి నుంచి చివరిదాకా ఈనెలు విడివిడిగా పరుగెత్తుతాయి, వేలికి తగులుతాయి. అది విషం, నోట్లో పెట్టుకోవద్దన్నారు. ఆఖర్న పొణికి. దాన్ని మాత్రం అయిదారుసార్లు ఇచ్చి, తీసుకుని, మళ్ళీ ఇచ్చారు.

దాంతో పాటు ఇంకొకటి. "ఇది తపసి. దీనితో జాగ్రత్త. ఆకు చూస్తే ఎవరైనా చెబుతారు, అయిదు వేళ్ళ చెయ్యిలా ఉంటుంది. ఆకు లేనప్పుడు మాత్రం పొణికికి అన్నలా ఉంటుంది. అదే తెల్ల బెరడు, అలాగే పొరలు ఊడుతుంది. కర్ర పనికిరాదు. జిగురు. ఉలిని కదలనివ్వదు. ఆరితే నెర్రెలిస్తుంది."

మా అత్తయ్య గుమ్మంలో నుంచి చూస్తోంది. "కోడలికి నాలుగు కూరలు నేర్పుదామని నేనుంటే ఈయన ఆకులు నేర్పుతున్నారు. రేపు పులుసులో మోదుగాకు వేస్తుంది."

"వేస్తే చెబుతాను, ఏ ఆకో," అన్నారు ఆయన.

కొడుకు ఉండగా నాకెందుకు నేర్పారో ఆయన చెప్పలేదు. నాకు తర్వాత అర్థమైంది. కొట్టే రోజున మగవాళ్ళంతా కలిసి ఎక్కుతారు. కొడుకు తండ్రికి ముందు నడిచి చెట్టు చూపిస్తే అందరూ చూస్తారు. కట్టెల కోసం ముందే వెళ్ళిన ఆడమనిషిని ఎవరూ చూడరు.

రెండేళ్ళు అలా గడిచాయి. నేను తలగుడ్డ, తాడు తీసుకుని ముందు ఎక్కేదాన్ని. మంచి పొణికి కనపడితే దాని కింద నిలబడి ఎండు పుల్లలు విరిచేదాన్ని. ఎండు పుల్లలు విరవడానికి అడ్డు లేదు, దానికి ఇనుము అక్కరలేదు కదా. ఆ చప్పుడుకి మామయ్యగారు మెల్లిగా చెట్టు దగ్గరకు వచ్చేవారు. నేను తప్పుకునేదాన్ని. ఆయన మాను చుట్టూ చెయ్యి తిప్పి, పిడికిలితో రెండుసార్లు తట్టి, గాటు పెట్టేవారు. రెండేళ్ళలో ఏడు చెట్లు. ఏడూ పొణికే. మొదలు ముక్కలు మా ఇంటికే వచ్చాయి.

మూడో ఏడు యుద్ధం రోజులు. కొండ మీద కర్ర కొట్టడానికి అనుమతి కాగితం రావడం ఆలస్యమైంది. కార్తీకం పోయింది, పుష్యం పోయింది. ఫాల్గుణంలో ఇచ్చారు, అదీ ఒక్క పూటకే. ఫారెస్టు గార్డు కింద రాయి మీద కూచుని, ఎండ నడినెత్తికి వచ్చేలోగా దిగాలన్నాడు.

కొండంతా ఆకు రాల్చేసి ఉంది. నేను ముందు ఎక్కాను. ఎక్కడ చూసినా తెల్లటి మాన్లు. అన్నీ ఒకేలా ఉన్నాయి. కాయలన్నా ఉంటే తెలిసేది, లేత చెట్లకు అవీ లేవు. ఒక పెద్ద బండ పక్కన నిటారుగా పెరిగిన చెట్టు ఉంది. దాని కింద ఎండాకులు మోకాలి లోతున పడి ఉన్నాయి. ఒకటి తీసి చూశాను. గుండ్రటి మొదలు, పళ్ళ అంచు, అడుగున తెలుపు. వేలితో రుద్దాను, ఊడలేదు. ఇంకొకటి తీశాను. అదీ అంతే. ఇక అనుమానం లేదనుకున్నాను.

పుల్లలు విరవబోతే ఒకటి సరిగా విరగలేదు. రెండుగా ఒంగి, నార పట్టుకుని వేలాడింది. మెలితిప్పి లాగాను. అప్పుడు దాని గురించి ఏమీ అనుకోలేదు.

మామయ్యగారు వచ్చారు. పక్కన ఎవరి అలికిడీ లేదని తేల్చుకుని, "ఆకేది?" అని గొంతు తగ్గించి అడిగారు. చేతిలో పెట్టాను. తడిమి, తల ఊపారు. కింద నుంచి గార్డు అరుస్తున్నాడు. ఆయన గాటు పెట్టేశారు. పైపైన, ఎప్పటిలాగే.

మొదటి గొడ్డలి దెబ్బ చినమామయ్యది. మూడో దెబ్బకి ఆగిపోయాడు. తెల్ల బెరడు కింద ఎర్రటి నార కనిపించింది. గొడ్డలి అంచుకి జిగురు తీగలు సాగింది.

"అన్నయ్యా, ఈ ఏడు ఏనుగులు చెక్కుదామా, బంక అమ్ముకుందామా?"

దాయాదులు నవ్వారు. ఒకాయన, "ఏనుగులే చెక్కుదాం, వాటంతటవే అతుక్కుంటాయి. చింతగింజల ఖర్చు కలిసొస్తుంది," అన్నాడు.

గాటు పెట్టిన మనిషిని అనకూడదన్న కట్టు నాకు తెలిసి అదే మొదటిసారి తప్పడం. బహుశా అది తపసి కాబట్టి. పొణికిలో చెడ్డ చెట్టు పడటం వేరు, పొణికి కాని చెట్టు పడటం వేరు.

మామయ్యగారు నరికిన చోట వేలు పెట్టి, వేలిని వేలితో రుద్దుకున్నారు. నేను కట్టెల మోపు దగ్గర నిలబడి ఉన్నాను. పైకి చూశాను. ఆ బండకి పైన, వాలులో ఒక పెద్ద పొణికి ఉంది. దాని ఆకు మొత్తం గాలికి దొర్లుకుంటూ వచ్చి ఇక్కడ బండకి ఆనుకుని ఆగిపోయింది. తపసి ఆకులు ఏ వాలులోకి పోయాయో తెలియదు.

"నాదే తప్పు, నేను..." అని మొదలుపెట్టాను.

"నువ్వాగు," అన్నారు మామయ్యగారు. తమ్ముడి వైపు తిరిగారు. సరిగ్గా తమ్ముడి వైపు కాదు, కొంచెం పక్కకి. "నాకు కనపడటం లేదురా. మూడేళ్ళ పైనే అయింది."

చినమామయ్య గొడ్డలి కింద పెట్టాడు.

"మరి నిరుడు, అంతకుముందు గాట్లు ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టాను. చూసింది అమ్మాయి."

"కట్టెలకొచ్చిన పిల్లా!" చినమామయ్య నన్ను తలగుడ్డ నుంచి కాళ్ళ దాకా చూశాడు. "బాగుంది. నాలుగిళ్ళ ఏడాది తిండీ ఈ పిల్ల చేతిలో పెట్టావన్నమాట."

మామయ్యగారు ఉలి తీసి ముందుకు చాపారు. "ఇందా. ఇక నువ్వు పెట్టు."

అతను అంత త్వరగా వస్తుందనుకోలేదు కాబోలు. చెయ్యి పంచెకి తుడుచుకుని తీసుకున్నాడు. పై వాలులోకి ఎక్కాడు. మేమందరం వెనక ఎక్కాం. అక్కడ రెండు చెట్లు పక్కపక్కనే ఉన్నాయి. రెండూ బోడివి, రెండూ తెల్లవి. ఆకులు రెంటి కిందా కలిసిపోయి ఉన్నాయి. అతను ఒకదాని చుట్టూ తిరిగాడు, రెండోదాని చుట్టూ తిరిగాడు. ఊడిన బెరడు పొర తీసి చూశాడు. తట్టి చూశాడు. ఉలి అంచు మానుకి దగ్గరగా తీసుకెళ్ళి ఆపేశాడు. కొంచెం గీరితే తెలిసిపోతుంది. కానీ గీరితే అది గాటు. గాటు పడితే కొట్టాలి. ఇరవై ఏళ్ళుగా అతను గాటు పడిన చెట్టుని కొట్టాడు గానీ, పడని చెట్టుని ఎప్పుడూ చూడలేదు.

"అన్నయ్యా, ఇదేగా?"

"నన్నడుగుతావేంరా? కనపడదని ఇప్పుడే చెప్పానుగా."

కింద గార్డు మళ్ళీ అరిచాడు. ఎండ పైకొచ్చింది. ఈ పూట దాటితే ఆ ఏడుకి ఇక కర్ర లేదు. దసరాకి బొమ్మల కొలువులు ఉండేవి. మాకు ఏడాదంతటికీ గంపలు బాగా కదిలేది ఆ నాలుగు వారాలే.

అప్పుడు నాకు ఆ పుల్ల గుర్తొచ్చింది. నేను ఎవరినీ అడగలేదు. మొదటి చెట్టుకి అందిన ఎండు పుల్ల పట్టుకుని వంచాను. ఒంగింది, చిట్లింది, నారతో వేలాడింది. లాగినా రాలేదు. రెండో చెట్టు పుల్ల పట్టుకోగానే ఠక్కుమని విరిగింది. విరిగిన చోట తెల్లగా, సుద్దముక్కలా ఉంది. చేతిలో బరువు లేదు.

"ఇది," అన్నాను.

చినమామయ్య నన్ను చూడలేదు. అన్నగారిని చూశాడు.

"విన్నాను," అన్నారు మామయ్యగారు. "పెట్టు."

అతను గాటు పెట్టాడు. లోపల తెల్లగా వచ్చింది. ఆ పూట దిగేలోగా ఇంకో రెండు చెట్లు అలాగే చూశాం. నేను పుల్ల విరిచేదాన్ని, మామయ్యగారు తల ఊపేవారు, చినమామయ్య గాటు పెట్టేవాడు. పుల్ల గుర్తు అంతకుముందు మామయ్యగారికి కూడా తెలియదు. ఆయన ఎప్పుడూ కట్టెలు ఏరలేదు.

తపసిని కూడా కొట్టి నాలుగు భాగాలు వేసుకున్నాం. గాటు పడింది కదా. మా భాగం పెరట్లో గోడకి ఆనించి ఉండేది. వేసవి తిరిగేసరికి నిలువునా పగిలింది. మొదలు ముక్కలు మూడూ చినమామయ్య ఇంటికి వెళ్ళాయి.

ఆ ఏడు మేము పెద్ద ఏనుగులు చెయ్యలేదు. బెజవాడ దుకాణం వాళ్ళు అడిగితే మా ఆయన చినమామయ్య ఇల్లు చూపించాడు. మామయ్యగారు చిలకలు, ఆవులు చెక్కారు. నేను చింతగింజల ముద్ద ఇస్తుంటే ఒకసారి, "ఆకు నేను కూడా తడిమాను," అన్నారు. మేమిద్దరం ఆ సంగతి మళ్ళీ మాట్లాడుకోలేదు.

మరుసటి కార్తీకంలో చినమామయ్య మా గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రాకుండా అక్కడే నిలబడి, "అమ్మాయ్, రేపు కొండకి కట్టెలకి వస్తావా?" అన్నాడు.

నేను వస్తాననబోయాను. లోపలి నుంచి మామయ్యగారు అందుకున్నారు.

"మా ఇంట్లో కట్టెలున్నాయిరా."

"అది కాదన్నయ్యా..."

"ఏది కాదు?"

అతను చెప్పు మడమతో గడప అంచు రుద్దాడు. మా అత్తయ్య చేటలో బియ్యం చెరగడం ఆపింది.

"చెట్టు చూడటానికి."

"అయితే అదే అడుగు."

చినమామయ్యకి ఆ మాట అనడానికి కొంచెంసేపు పట్టింది. "అమ్మాయ్, చెట్టు చూడటానికి వస్తావా?"

"వస్తాను చినమామయ్యా," అన్నాను.

ఆ మర్నాడు తాడు లేకుండా, మగవాళ్ళతో కలిసి ఎక్కాను. వాళ్ళకి కొత్తగానే ఉండి ఉంటుంది. నాలుగు చెట్లు చూపించాను. కార్తీకం కాబట్టి ఆకు కొమ్మలమీదే ఉంది, కష్టం లేకపోయింది. మూడు బాగా వచ్చాయి. నాలుగోది కొడితే లోపల బోలు. మనిషి చెయ్యి పట్టేంత బోలు. చుట్టూ నాలుగు వేళ్ళ మందం మాత్రమే కర్ర.

అందులోంచి ఒక ముక్క తెచ్చి మామయ్యగారి చేతిలో పెట్టాను. ఆయన లోపలికి వేళ్ళు పోనిచ్చి చుట్టూ తడిమారు.

"తట్టి చూశావా?"

"చూశాను మామయ్యా. గట్టిగానే పలికింది."

"పచ్చిగా ఉన్నప్పుడు అలాగే పలుకుతుంది. నా చేతి కింద కూడా మూడో నాలుగో పడ్డాయి ఇలాంటివి." వేళ్ళు బయటికి తీసి, "ఏమైనా అన్నారా?" అని అడిగారు.

"అన్నారు."

"ఏమని?"

"ఆడవాళ్ళు చూపిస్తే ఇలాగే ఉంటుందని."

"వాణ్ణి? గాటు పెట్టినవాణ్ణి?"

"ఏమీ అనలేదు."

ఆయన నవ్వారు. ఏడాదిలో నేను విన్న మొదటి నవ్వు అది. "అనరు," అన్నారు. "అదేనమ్మా గాటంటే." బోలు ముక్కని పక్కన పెట్టేసి, ఒళ్ళో ఉన్న ఆవు మూపురం వెతుక్కుని మళ్ళీ చెక్కడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత పన్నెండేళ్ళు చెట్లు చూపించాను. ఉలి నా చేతికి రాలేదు. నేనూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. మంచి చెట్టు పడితే చినమామయ్య గాటు, బోలు పడితే నా చూపు అనేవారు. తపసి మాత్రం మళ్ళీ ఒక్కటి కూడా పడలేదు. బోలు చెట్టుని బయటి నుంచి పట్టే గుర్తు నాకు దొరకలేదు. చివరి ఏడు కూడా ఒకటి పడింది.